అక్క జవాబు రాయని ఉత్తరాలు

పోయిన వారం జీవరత్నాన్ని మనం ఎక్కడ వదిలామో గుర్తుందా? చేతిలో టీ గ్లాసు పట్టుకుని, గుమ్మంలో నిలబడ్డ కొత్త మనిషిని చూస్తూ ఉండగా వదిలాం. ఆవిడ ఇంకా అలాగే ఉంది. టీ మాత్రం చల్లారిపోయింది.

మధ్యలో వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. బెంజ్ సర్కిల్‌కి కూతవేటు దూరంలో, టైల్స్ షాపు పైన రెండో అంతస్తులో ‘నెమ్మది పరిచర్య’ అని ఒక ప్రార్థనల ఆఫీసు ఉంది. కష్టంలో ఉన్నవాళ్లు తమ బాధ రాసి పంపితే, వాళ్ల కోసం ప్రార్థన చేసి జవాబు రాయడం దాని పని. పందొమ్మిదేళ్లుగా ఆ జవాబులు రాసిన మనిషి జీవరత్నం. యాభై ఆరేళ్లు, భర్త లేడు, మోకాళ్లు సహకరించవు. మొదట్లో కార్డులూ కవర్లూ వచ్చేవి, తర్వాత వాట్సాప్ వచ్చింది. ఏది వచ్చినా జవాబు కింద ‘మీ అక్క’ అనే రాసేది. ఆవిడకు తోడు మరో అయిదుగురు ఆడవాళ్లుండేవారు. ఎనిమిది నెలల కిందట పాస్టర్ ఇశ్రాయేలుగారి అల్లుడు జాన్సన్ ఒక బాట్‌ను తెచ్చి పెట్టాడు. మనిషి అక్కర్లేకుండా తనంతట తనే జవాబులిచ్చే ప్రోగ్రాం అది. జీవరత్నం రాసిన పాత జవాబులన్నీ దానికి తినిపించారు. అది ఆవిడలాగే రాయడం నేర్చుకుంది, ఆవిడలాగే ‘మీ అక్క’ అని సంతకమూ పెడుతోంది. అయిదుగురు ఆడవాళ్లకూ శాలువాలు కప్పి, ప్రార్థన చేసి, ఇళ్లకు పంపారు. జీవరత్నానికి మిగిలిన పని ఒక్కటే, రోజుకు పది జవాబులు చదివి బాగున్నాయని టిక్కు పెట్టడం.

బాగుండేవి కూడా. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, తన మాటలే తెరమీద కనిపిస్తుంటే ఆవిడకు లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతున్నాను, ఎందుకంటే ఈ వారం దాని ఖరీదు తెలుస్తుంది.

గుమ్మంలో నిలబడ్డ మనిషి పేరు దుర్గాశంకర్. పెడనలో మగ్గం నేస్తాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. గడ్డం చేసుకోలేదు, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. చేతిలో ఆడవాళ్ల ఫోను ఒకటుంది, వెనక నెమలి బొమ్మ అట్ట. “మీలో అక్క ఎవరండీ?” అని అడిగాడు. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

జీవరత్నం గ్లాసు కింద పెట్టి, కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

తన భార్య నాగవేణి నిన్న పొద్దున ఇంట్లోంచి వెళ్లిపోయిందని చెప్పాడు. బందరు ఆసుపత్రికని చెప్పి బస్సెక్కిందట, ఆసుపత్రికి వెళ్లలేదు. చుట్టాల ఇళ్లన్నీ అడిగారు, పోలీస్ స్టేషన్లో కాగితం రాసిచ్చారు. ఫోను ఆమె దగ్గర లేదు, ఎందుకంటే మొన్న సాయంత్రం అతనే లాక్కున్నాడు. నెలరోజులుగా నాగవేణి ఎప్పుడు చూసినా ఫోన్లో ఎవరికో రాస్తూ ఉండేదట. ఎవరికని అడిగితే అక్కకు అనేది. ఆమెకు అక్క లేదు. అక్క పేరుతో ఎవడో మగవాడు ఉన్నాడనుకుని, ఫోను తీసుకెళ్లి మగ్గం గుంటలో దారపు కండెల కింద దాచాడు. ఈ పొద్దున మొబైల్ షాపులో ఫోను లాక్ తీయించి చదివాడు. మగవాడు లేడు. నిజంగానే అక్క ఉంది. ఆఫీసు పేరు, అడ్రసు ఆ నంబరు మీదే ఉంటే వెతుక్కుంటూ వచ్చాడు.

“మా ఆవిడ అన్నీ మీకే చెప్పుకుందండి. ఎక్కడికెళ్లిందో కూడా మీకు చెప్పే ఉంటది. తప్పు నాదే, కాళ్లట్టుకోమంటే పట్టుకుంటా. ఎక్కడుందో చెప్పండి చాలు.”

జీవరత్నం నిజమే చెప్పింది. నిజం చెప్పడం ఎప్పుడూ గొప్ప పని కాదు, ఒక్కోసారి తప్పించుకోవడానికి కూడా నిజమే చెబుతాం.

“బాబూ, ఆ రాసింది నేను కాదు.”

“మీరు అక్క కాదాండీ?”

“పేరు నాదే. రాసింది మిషను.”

దుర్గాశంకర్ ఆవిడ ముఖంలోకి చూశాడు. కోపం రాలేదు అతనికి. లెక్క కుదరని మనిషిలా నుదురు చిట్లించాడు.

“మిషనుకి మా పాప సంగతి ఎందుకు చెప్పుద్దండీ మా ఆవిడ? నాకే చెప్పలేదు.”

జీవరత్నం చేయి చాచింది, అతను ఫోను ఇచ్చాడు.

మొదటి మెసేజ్ ఇరవై ఆరు రోజుల నాటిది. మేం మీ మతం వాళ్లం కాదు, బందరు రోడ్డు గోడ మీద నంబరు చూశాను, రాయొచ్చా అని నాగవేణి అడిగింది. ‘కన్నీళ్లకు మతం ఏముందమ్మా, రాయి’ అని జవాబు. జీవరత్నం ఆ వాక్యాన్ని గుర్తుపట్టింది. కూచిపూడి దగ్గర ఒక ముసలమ్మకు ఎప్పుడో తను రాసిన మాట అది. రాసినరోజు నిజంగానే ఏడ్చి రాసింది.

తర్వాత నాగవేణి తన సంగతి చెప్పుకుంది. వేసవిలో ఎనిమిదో నెల నిండకుండానే కాన్పయింది, ఆడపిల్ల, పుట్టినప్పుడే ప్రాణం లేదు. మర్చిపో అని అందరూ అన్నారు. భర్త ఆ మర్నాడే మగ్గంలో దిగి కూర్చున్నాడు, పాప మాటెత్తలేదు. మగ్గం చప్పుడు వింటే ఒళ్లు మండుతోందని రాసింది. బాట్ ఓదార్చింది. రోజుకు నాలుగుసార్లు, అయిదుసార్లు, అడిగినప్పుడల్లా ఓదార్చింది. అది విసుక్కోదు, అన్నానికి లేవదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే, అంత ఓపిగ్గా ఏ ఆడబిడ్డా ఏ తోడికోడలూ వినదు.

తొమ్మిది రోజుల కిందటి మెసేజ్ దగ్గర జీవరత్నం వేలు ఆగిపోయింది.

‘నా మంచి చీరలన్నీ మా చెల్లికి ఇచ్చేశానక్కా. గాజులు కూడా. మనసు తేలికయింది.’

కింద జవాబు: ‘ఇచ్చే చేతిని దేవుడు దీవిస్తాడమ్మా. చాలా మంచి పని చేశావు. – మీ అక్క.’

ఇదీ తన వాక్యమే. ఉప్పెన వచ్చిన ఏడాది, తన ఇంటి బియ్యం పక్కింటికి పంచిన ఒకావిడకు రాసింది. ఇప్పుడది ఇక్కడికొచ్చి కూర్చుంది. వయసులో ఉన్న ఆడది మంచి చీరలు పంచిపెట్టి మనసు తేలికయిందంటే ఏమిటో జీవరత్నానికి తెలుసు. పందొమ్మిదేళ్లుగా తెలుసు. ఆ మాట విన్న రోజున ఇక కూర్చోకూడదు, చెప్పులేసుకుని బయల్దేరాలి. అక్కడి నుంచి ఇంకా పదిహేడు మెసేజ్‌లున్నాయి. అన్నిట్లోనూ నాగవేణి శాంతంగా ఉంది. అన్నిటికీ అక్క సంతోషించింది.

అద్దాల గదిలో ఉన్న జాన్సన్‌ను పిలిచింది.

జాన్సన్‌ను మీరు విలన్‌గా ఊహించుకుంటే నేను ఒప్పుకోను. ముప్పై రెండేళ్ల కుర్రాడు, సండే స్కూల్లో జీవరత్నం దగ్గరే వాక్యాలు కంఠతా పట్టాడు. రోజుకు నాలుగు వేల మెసేజ్‌లు వస్తుంటే ఆరుగురు ఆడవాళ్లు మూడు వందలకు మించి చూడలేకపోతున్నారని, మిగతావాళ్లు జవాబు లేకుండా ఉండిపోతున్నారని బాధపడి ఆ బాట్‌ను తెచ్చాడు. మంచి మనసుతో చేసిన పనే. మంచి మనసుతో చేసినవాటికి బ్రేకులుండవు, అదే చిక్కు.

అతను ఫోను తీసుకుని అంతా చదివాడు. చావు, విషం లాంటి మాటలు వస్తే వెంటనే ఆత్మహత్యల నివారణ నంబరు ఇచ్చి, తనకు కబురు పెట్టేలా ఏర్పాటు చేశానని, ఈ అమ్మాయి ఆ మాటలేవీ వాడలేదని అన్నాడు.

“అనరు జాన్సన్. అనేవాళ్లు వేరే.”

“మరి మీరెలా కనిపెట్టేవాళ్లు ఆంటీ? దీనికి నేర్పేటప్పుడు నేను వెతికాను. ఇలాంటివాటికి అక్క ఏం రాసేదో చూద్దామని. లక్షకు పైగా జవాబులున్నాయి. ఒక్కటంటే ఒక్కటి లేదు. మనకి అలాంటి కేసులు రావేమో అనుకున్నా.”

జీవరత్నం ఆ కుర్చీలో, దుర్గాశంకర్ కూర్చోని కుర్చీలో, తను కూర్చుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ ఆరుగురు ఆడవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఉత్తరాల రోజుల్లో పొద్దున్నే కవర్లు చించి చదివేటప్పుడు, ఎవరి రాత చూసి జీవరత్నానికి గుండె ఝల్లుమంటుందో, ఆ ఉత్తరాన్ని కట్టలోంచి పక్కకు తీసి ఎర్రదారం కట్టేది. దారం కట్టిన ఉత్తరానికి జవాబు రాసేది కాదు. వెళ్లేది. ఆ రోజే, ఉన్న చీరతోనే, పామర్రు బస్సో గుడివాడ బస్సో ఎక్కి ఆ ఊరు వెళ్లి, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు ఆ మనిషి పక్కన కూర్చునేది. ఒక్కోసారి ప్రార్థన కూడా చేసేది కాదు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కబుర్లు చెప్పి వచ్చేది. మళ్లీ వారం వెళ్లేది. ఆ మనిషి నిలదొక్కుకుందని నమ్మకం కుదిరాక ఉత్తరం కాల్చేసేది. ఊళ్లో ఎవరి కంటైనా పడితే ఆ పిల్ల తలెత్తుకు తిరగలేదని భయం. వాట్సాప్ వచ్చాక కూడా పద్ధతి మారలేదు. నంబరు కాగితం మీద రాసుకుని, ఆఫీసు ఫోన్లోంచి ఆ సంభాషణ మొత్తం తుడిచేసేది. తనతో పనిచేసే అయిదుగురికీ కూడా అదే నేర్పింది.

ఇదంతా జాన్సన్‌కి ముక్కలు ముక్కలుగా చెప్పింది. అతను ఎన్ని ఉంటాయని అడిగాడు. నూట ముప్పై దాకా అంది.

“నూట ముప్పై మంది,” అన్నాడు జాన్సన్. “అందులో ఒక్కళ్లు కూడా దానికి తెలీదు.”

“నేనే తెలియనివ్వలేదు. నా చేత్తో నేనే తుడిచాను.”

ఎంత జాగ్రత్తగా తుడిచిందో అంత జాగ్రత్తగా, ఆ మిషను కళ్లకు గంతలు కట్టింది తనేనని ఆవిడకు అర్థమైంది. మామూలు బాధలకు తను రాసిన తీపి మాటలన్నీ దానికి వచ్చు. చిలక పలుకులు. బస్సెక్కడం మాత్రం అది ఎక్కడా చదవలేదు, ఎందుకంటే బస్సెక్కానని ఆవిడ ఎక్కడా రాయలేదు. పోనీ శాలువాలు కప్పి పంపిన అయిదుగురిలో ఒక్కరినైనా ఎవరైనా అడిగారా అంటే అదీ లేదు. జవాబులెలా రాస్తారని అడిగారు. దేనికి రాయరని ఎవరూ అడగలేదు.

దుర్గాశంకర్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. అతనికి ఈ గొడవంతా అక్కర్లేదు. చివరి మెసేజ్‌లు చూడండి, అందులో ఏదో అడ్రసు ఉంది, అది మీ ఇల్లేనా అన్నాడు.

జీవరత్నం కిందికి జరిపి చూసింది. మొన్న మధ్యాహ్నం, అతను ఫోను లాక్కోవడానికి కొన్ని గంటల ముందు, నాగవేణి అడిగింది: ‘నిన్ను ఒక్కసారి చూడాలని ఉందక్కా. చూస్తే చాలు.’

‘ఎప్పుడైనా మా ఇంటికి రామ్మా. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ దాటాక పాలకేంద్రం సందు, మూడో ఇల్లు, నీలం తలుపు. నీ కోసం తలుపు తెరిచే ఉంటుంది. – మీ అక్క.’

తెలుగువాళ్లం మనం, వీధిలో కనిపించిన ప్రతివాళ్లనూ ఒకసారి మా ఇంటికి రండి అంటాం. వాళ్లూ తప్పకుండా అంటారు. ఎవరూ రారు, రాలేదని ఎవరూ అనుకోరు. జీవరత్నం కూడా ఆ మర్యాద మాటే వందల ఉత్తరాల చివర రాసింది. పందొమ్మిదేళ్లలో నిజంగా వచ్చింది ఇద్దరు. భర్త బతికున్నప్పుడు, ఆయన థర్మల్‌లో పనిచేసే రోజుల్లో ఉన్న అద్దె ఇల్లది. ఆయన పోయాక ఆరేళ్ల కిందటే ఖాళీ చేసి పటమటకు వచ్చేసింది. మర్యాదకు అన్నమాటేదో, నిజంగా రమ్మన్నమాటేదో మిషనుకు తెలియదు. పాపం, బాధలో మునిగిన నాగవేణికీ తెలియలేదు.

అక్కడికే వెళ్లి ఉంటుందని ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. జాన్సన్ కారు తాళాలు అందుకున్నాడు. జీవరత్నం కదల్లేదు.

“ముందు దాన్ని ఆపు.”

“ఆ అమ్మాయి నంబరుకి ఆపేశాను ఆంటీ. ఇందాకే. ఇంక ఆ నంబరుకి ఒక్క జవాబు కూడా వెళ్లదు.”

“మొత్తం ఆపు.”

జాన్సన్ గోడ గడియారం చూశాడు. పదకొండుం పావు. మొత్తం ఆపాలంటే మావయ్యగారు చెప్పాలి, ఆయన గన్నవరంలో మీటింగులో ఉన్నారు, ఇప్పుడు రాస్తున్న వందలమంది మధ్యలో జవాబు లేక అల్లాడిపోతారు, వాళ్లలో ఇంకెవరున్నారో మనకేం తెలుసు అన్నాడు. ఆ ఆఖరి మాట ఆవిడను ఆపేసింది. అవును, వాళ్లలో ఇంకెవరున్నారు? ఈ ఎనిమిది నెలల్లో ఇంకెంతమంది చీరలు పంచిపెట్టారు? తను టిక్కు పెట్టిన పదింటిలో ఎన్ని అలాంటివి? వాదించే ఓపిక పోయింది. సరే పదండి అంది.

ప్రకాశం బ్యారేజీ ముందు ట్రాఫిక్ ఆగింది. కుడివైపు కొండ, ఎడమవైపు కృష్ణ. వర్షాలు పడ్డాయేమో నీళ్లు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. దుర్గాశంకర్ నది వైపు చూడకుండా మోకాళ్ల మీదికి వంగి కూర్చున్నాడు. అలా వంగే చెప్పడం మొదలుపెట్టాడు. పాప పోయిన మర్నాడు మగ్గంలో ఎందుకు దిగానంటే, పైన కూర్చుంటే ఏడుస్తానని. గుంటలోకి దిగితే ఎవరికీ ముఖం కనపడదని. అంతకుముందే, ఏడో నెలలో, పాప కోసం మూరెడు గుడ్డ నేశాడట, మెత్తటి నూలుతో, పసుపు అంచు వేసి. అది ఆమెకు చూపించలేదు, పుట్టాక చూపిద్దామనుకున్నాడు. తర్వాత ఎక్కడ పెట్టాడో కూడా గుర్తులేదు.

“చెప్పలేకపోయావా బాబూ?” అని జీవరత్నం అడిగింది.

“చెప్పడం రాదండి నాకు. మీలాగా మాటలు రావు.”

తనలాంటి మాటలు. జీవరత్నం కిటికీలోంచి బయటికి చూసింది. ఆ మాటలంటే ఆవిడకు జీవితంలో మొదటిసారి రోత పుట్టింది.

థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించాయి. పాలకేంద్రం సందులోకి కారు పట్టదు, మొగదలే దిగారు. మూడో ఇంటి నీలం తలుపు రంగు పెచ్చులూడింది, మీద బూడిద సన్నగా పేరుకుంది. గడియకు తుప్పు పట్టిన తాళం. మెట్టు మీద ఎవరూ లేరు. మెట్టు మాత్రం శుభ్రంగా తుడిచి ఉంది, పక్కన చీపురు, నాలుగు గీతల ముగ్గు.

పక్కింటి వాకిట్లో బియ్యం ఏరుతున్న పెద్దావిడ లేచి వచ్చింది. ఆమె తెరేసమ్మ. రెండేళ్ల కిందట అద్దెకొచ్చిందట, ఈ తాళం తీయగా ఎప్పుడూ చూడలేదట. నిన్న మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి ఈ మెట్టు మీద కూర్చుందని, ఇక్కడెవరూ లేరమ్మా అంటే లేదు అక్క ఉంది, నన్ను రమ్మంది అందని చెప్పింది. రాత్రి తన అరుగు మీదే పడుకోబెట్టి ఇంత అన్నం పెట్టింది. పొద్దున్నే లేచి ఆ పిల్ల ఈ వాకిలి ఊడ్చి ముగ్గేసింది, అక్క వచ్చేసరికి బాగుండాలని.

“ఏదండీ?” అన్నాడు దుర్గాశంకర్.

తెరేసమ్మ అతన్ని ఎగాదిగా చూసి, లోపలికి వెళ్లి చేతిసంచి ఒకటి తెచ్చింది. అక్క వస్తే ఇమ్మందని జీవరత్నం చేతికిచ్చింది. అందులో మూరెడు గుడ్డ ఒకటే ఉంది. మెత్తటి నూలు, పసుపు అంచు.

దుర్గాశంకర్ దాన్ని చూశాడు. తను నేసింది ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ ఆమె దగ్గరే ఉంది. ఆమె దగ్గర పంచిపెట్టకుండా మిగిలింది అదొక్కటే, దాన్నీ ఇచ్చేసింది.

“వెళ్లేముందు నా ఫోనడిగిందమ్మా,” అంది తెరేసమ్మ. “గోడ మీద నంబరు నోటికొచ్చంది. అక్కకి ఒక్క మాట రాస్తానని రాసింది. నాకు చదువు రాదు. జవాబొచ్చింది, చదువుకుంది, ఆ తాళం వంక చాలాసేపు చూసింది. ఏమైంది తల్లీ అంటే ఏం లేదంది. ఫోనిచ్చేసి అటు కృష్ణ రేవు వైపు పోయింది.”

జాన్సన్ ఫోను అందుకున్నాడు. జీవరత్నం అతని చేతిలోంచి తీసుకుని చదివింది.

‘అక్కా, నీ గుమ్మం ముందే ఉన్నాను. తలుపు తియ్యి. – నాగవేణి.’

‘లోపలికి రామ్మా. తలుపు తెరిచే ఉంది. – మీ అక్క.’

కొత్త నంబరు. జాన్సన్ ఆపింది పాత నంబరుకు. మెసేజ్ పక్కన టైం ఉంది, పదకొండూ పదహారు. దాన్ని ఆపు అని తను అడిగిన ఒక్క నిమిషానికి. జాన్సన్ గడియారం చూసి మాట్లాడుతున్నప్పుడు, తను సరే పదండి అన్నప్పుడు, ఆ పిల్ల ఇక్కడ నిలబడి ఈ తాళం చూస్తోంది. దుర్గాశంకర్ అప్పటికే సందు మలుపు తిరిగి పరుగెడుతున్నాడు. గుడ్డ అతని చేతిలో ఉంది.

జీవరత్నం చేతిలో తెరేసమ్మ ఫోను మోగింది. తెర మీద కొత్త మెసేజ్.

‘ఇప్పుడు మనసుకి నెమ్మదిగా ఉందా అమ్మా? – మీ అక్క.’

“చివరి మెసేజ్ తర్వాత సరిగ్గా గంటకి అడుగుతుంది ఆంటీ,” అన్నాడు జాన్సన్, నేలచూపులు చూస్తూ. “నేనే పెట్టాను. ఎవర్నీ మర్చిపోకూడదని.”

గంట. ఇక్కడి నుంచి రేవు నడిచి వెళితే ఇరవై నిమిషాలు. జీవరత్నం ఫోను తెరేసమ్మకు ఇచ్చేసి, మోకాలి మీద చేయి ఆనించి మెట్టు దిగింది. ముగ్గు తొక్కకుండా దిగింది.

“ఇంతకీ ఈ అక్క ఎవరమ్మా? ఎక్కడుంటది?” అని వెనకనుంచి తెరేసమ్మ అడిగింది.

పొద్దుట దుర్గాశంకర్ అడిగినప్పుడు చెప్పిన జవాబు నోటిదాకా వచ్చింది. అదీ నిజమే. కానీ ఈసారి ఆవిడ ఆ నిజం చెప్పలేదు.

“నేనేనమ్మా,” అంది జీవరత్నం, రేవు వైపు నడుస్తూ. “ఆ రాసింది నేనే.”

సందు చివర, దుర్గాశంకర్ వెళ్లినవైపు నుంచి, అతను నాగవేణి పేరు పెట్టి పిలుస్తున్న కేక వినిపించింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి పిలుపు సగంలో ఆగిపోయింది.